ఒక్క స్టార్ రివ్యూలో ఉద్యోగ పాఠం

"వేస్ట్ యాప్, ఓపెన్ కావట్లే." ప్లే స్టోర్‌లో ఇలాంటి రివ్యూ కనబడితే నవ్వుకుని వదిలేస్తాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు మాత్రం అది ఉచితంగా దొరికే ప్రాజెక్టు. గోదావరిఖని, రామగుండంలో చదివేవాళ్లకు హైదరాబాద్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరకడం తేలిక కాదు. రివ్యూలు చదవడానికి ఫోన్ చాలు.

మనకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. బస్సు ఎక్కడుందో చూపించే 'గమ్యం' యాప్‌ను ఆర్టీసీ 2023 ఆగస్టులో తెచ్చింది. దాని రివ్యూల్లో కొత్తవి ఓ 200 తీసుకుని ఎక్సెల్ షీట్‌లో పెట్టండి. ప్రతిదానికీ మూడు గడులు: ఏం జరిగింది, ఎక్కడ ఆగిపోయారు, అసలు ఏం కావాలి. "బస్సు మ్యాప్‌లో కదలట్లేదు" అని ఒకరు రాశారనుకోండి. లోపం యాప్‌దే కానక్కర్లేదు. బస్సులోని ట్రాకింగ్ పరికరం, సిగ్నల్, సర్వర్... ఏదైనా కావొచ్చు. ఆ ప్రయాణికుడికి కావాల్సింది మ్యాప్ కాదు, 'ఇంకా ఎంతసేపు నిలబడాలి' అన్నదానికి జవాబు. ఇలా ఫిర్యాదులోంచి అవసరాన్ని పట్టుకోవడమే బిజినెస్ అనలిస్టు పని.

తేదీలు కూడా చూడండి. జర్మనీలో పగానో, మాలెజ్ అనే పరిశోధకులు పది లక్షలకు పైగా యాప్ స్టోర్ రివ్యూలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. కొత్త వెర్షన్ వచ్చిన తొలి రోజుల్లోనే ఎక్కువ రివ్యూలు పడతాయని తేల్చారు. అంటే ఒక్క స్టార్లు ఒక్కసారిగా పెరిగితే, అంతకుముందు అప్‌డేట్‌లో ఏం మారిందో వెతకాలి.

ఒక జాగ్రత్త. రివ్యూ రాసేది కొందరే. ఫస్ట్ షిఫ్టు చేసి అలసిపోయి వచ్చిన నాన్న రివ్యూ రాయడు. చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డ అమ్మ కూడా రాయదు. వేల రివ్యూలను ఏఐ నిమిషాల్లో గుంపులు చేసిపెడుతుంది గానీ, రాయనివాళ్ల మాట దానికి దొరకదు. మీకు ఇంట్లోనే దొరుకుతుంది. యాప్‌ను వాళ్ల చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పది నిమిషాలు చూడండి. వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి.

ఇదంతా రెండు పేజీల్లో పెట్టండి: మూడు ప్రధాన సమస్యలు, ఒక్కోదానికి ఎన్ని రివ్యూలు, ముందు ఏది సరిచేయాలి, ఎందుకు. రివ్యూ రాసినవాళ్ల పేర్లు తీసేయండి. "ప్రాజెక్టు ఏం చేశారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే, సీనియర్ల దగ్గర తెచ్చుకున్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. ఇది అలా కాదు, చేసింది మీరే కదా!