సందేహం ఎవరి వాటా?

వందమంది దోషులు తప్పించుకున్నా సరే, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని న్యాయశాస్త్రం చెబుతుంది. మంచి మాటే. కాని ఆ నిర్దోషి ఎవరింట్లో పుట్టాడో చూసిగాని ఆ మాట అమలు కావడం లేదు.

2003 జూన్‌లో మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర, తోటలో గుడిసె వేసుకుని బతుకుతున్న ఒక కుటుంబం మీద దోపిడీ దొంగలు పడ్డారు. ఐదుగురిని చంపారు. స్త్రీలపై అత్యాచారం చేశారు. ప్రాణాలతో బయటపడ్డ సాక్షి, పోలీసులు చూపిన పాత నేరస్థుల ఫొటోల్లో నలుగురిని గుర్తుపట్టింది. పోలీసులు ఆ నలుగురి జోలికి పోలేదు. వేరే ఆరుగురిని పట్టుకొచ్చారు. సంచార జాతుల కూలీలు వాళ్లు. 2006లో సెషన్స్ కోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ మళ్లీ ఉరే ఖాయం చేసింది.

2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని తేల్చింది. దాదాపు పదహారేళ్లు జైల్లో గడిచిపోయాక! అందులో ఒకడు నేరం జరిగిన నాటికి మైనర్. మనిషికి 5 లక్షల పరిహారం ఇమ్మన్నారు. లెక్క కట్టండి, రోజుకు తొంభై రూపాయలు కూడా పడదు.

ఫొటోలో గుర్తుపట్టిన నలుగురి సంగతి రికార్డులోనే ఉంది. మూడు కోర్టులకు సందేహం రాలేదేం? 1871లో తెల్లదొరలు కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులన్నారు. స్టూవర్టుపురం ఎరుకలవారిని అడగండి, ఆ ముద్ర ఎంత లోతుగా దిగుతుందో చెబుతారు. 1952లో చట్టం పోయింది. పోలీసు కళ్లల్లోంచి పోలేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. ఈ దేశంలో దొరికేదెవరో పుట్టుకే నిర్ణయిస్తోంది.

ఇక చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. సందేహం ఉంటే నిందితుణ్ణి వదలాలన్న సూత్రం మీద మనకు కోపం లేదు. చుండూరు నిందితులకు అంత పుష్కలంగా దొరికిన ఆ సందేహం, నాసిక్ కూలీలకు పదహారేళ్లు ఎందుకు దొరకలేదన్నదే మన ప్రశ్న. వర్ణాన్ని బట్టి దండన అన్నాడు మనువు. ఆ గ్రంథాన్ని బాబాసాహెబ్ 1927లో మహద్‌లో తగలబెట్టించారు. దాని బూడిద ఇంకా న్యాయస్థానాల గడపల మీద రాలుతూనే ఉంది.

తథాగతుని సంఘం ఏం చేసిందో వినయపిటకం చెబుతుంది. దబ్బ మల్లపుత్తుడనే భిక్షువు మీద తోటివారు కక్షతో ఒక భిక్షుణి చేత అత్యాచార ఆరోపణ చేయించారు. బుద్ధుడు ముందు దబ్బుణ్ణే అందరి ఎదుటా అడిగాడు. ఆ తర్వాత ఆరోపణ వెనకున్న వాళ్లను ప్రశ్నించమన్నాడు. కుట్ర బయటపడింది. నిర్దోషికి సంఘం సభలో ‘సతివినయం’ ఇచ్చింది, అంటే అతనిలో తప్పులేదని అందరి ముందూ ప్రకటించింది. ఆధారం లేని నింద వేయడమే నేరమని నియమం పెట్టింది.

మన రాజ్యానికి ఆపాటి సిగ్గు కూడా లేదు. తప్పుడు కేసుల్లో నలిగినవారి కోసం చట్టం తేవాలని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో చెప్పింది. 2023లో కొత్త క్రిమినల్ చట్టాలు తెచ్చినవారు దాన్ని పక్కన పెట్టారు. అకారణంగా అరెస్టు చేయించినందుకు కొత్త సంహితలోనూ పరిహారం వెయ్యి రూపాయలకు మించదు!

ధమ్మ బంధువులారా, కరుణ అంటే కళ్లు మూసుకుని కూర్చోవడం కాదు. పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం కావాలి. తప్పుడు కేసు కట్టిన అధికారి జవాబు చెప్పాలి. అందాకా ప్రతి విహారం నుంచి ఇద్దరు వకీళ్లో, న్యాయవిద్యార్థులో దగ్గర్లోని జైలుకు వెళ్లాలి. వకీలు లేక మగ్గుతున్నవారి పేర్లు రాసుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ముందు పెట్టాలి. వచ్చే ఆదివారం వందన ముగిశాక మొదట మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

జై భీమ్. నమో బుద్ధాయ.