తగ్గడం కాదు... నిలబెట్టుకోవడమే కష్టం!

పోయినేడాది సంక్రాంతికి మా వదిన వస్తే ఊళ్లో సగంమంది గుర్తుపట్టలేదు. ఎనిమిది నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గింది! బీరువా అడుగున ఉండిపోయిన పెళ్లినాటి జాకెట్టు కుట్లు విప్పకుండానే సరిపోయిందని మురిసిపోతూ చూపించింది. మొన్న సంక్రాంతికీ వచ్చింది. జాకెట్టు ఊసే లేదు. అందరం ఫొటో దిగుదామంటే 'మీరు నిలబడండి, నేను తీస్తా' అంటూ ఫోన్ అందుకుంది. తగ్గిన బరువు చాలావరకూ తిరిగొచ్చేసింది. వంటింట్లో ఎవరో 'నోరు కట్టుకోలేకపోయింది పాపం' అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది.

నిజంగా తప్పంతా నోటిదేనా?

రెండో ప్రపంచయుద్ధం చివరిరోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఓ ప్రయోగం చేశారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచారు. వాళ్ల బరువు నాలుగో వంతు దాకా తగ్గింది. దాంతోపాటే ధ్యాసంతా తిండి మీదికి మళ్లింది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. ఆంక్షలు ఎత్తేశాక కడుపు పట్టనంత తిన్నా కొందరికి ఆకలి తీరలేదు. మనోనిబ్బరం చూసి ఏరికోరి ఎంపిక చేసిన మనుషుల సంగతే ఇది!

2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు వెల్లడించిన విషయమూ అలాంటిదే. పది వారాల డైటింగ్‌తో బరువు తగ్గినవారిలో ఆకలిని శాసించే హార్మోన్లు ఏడాది తర్వాత కూడా పాత స్థితికి రాలేదట. అంటే, సన్నబడిన మనిషికి మునుపటికంటే ఎక్కువ ఆకలేస్తుంది. దానితో ఆమె రోజూ పోరాడుతుంటే మనం 'నోరు కట్టుకోలేదు' అనేస్తాం.

'ఎలాగూ' అనే ఉచ్చు

శరీరం సంగతి అలా ఉంటే మనసుది మరో కథ. నియమంగా ఉన్నవాళ్లు ఓ రోజు లడ్డూ తింటారు. లడ్డూతో వచ్చే నష్టం కొంచెమే. 'ఎలాగూ నియమం తప్పింది, ఇవాళ్టికి కానిచ్చేద్దాం, సోమవారం నుంచి మళ్లీ మొదలెడదాం' అనుకోవడంతోనే అసలు నష్టం. పీటర్ హెర్మన్ అనే మనస్తత్వవేత్త 1975లో దీన్ని ప్రయోగం చేసి మరీ చూపించారు. మామూలు మనుషులు ముందు మిల్క్‌షేక్ తాగితే తర్వాత ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ తిండి మీద అదుపు పెట్టుకునేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు!

వడ్డించే చేతులు

ఇక మన సంగతి. ఎవరైనా నాలుగు కిలోలు తగ్గితే 'ఏమ్మా, షుగరా? మొహం పీక్కుపోయింది' అంటాం. బంతిలో వద్దంటున్నా కొసరి వడ్డిస్తాం. కాదంటే 'నా చేతి వంట నచ్చలేదా' అని నొచ్చుకుంటాం. ఇంటి ఇల్లాలిదైతే మరీ కష్టం. అందరికీ పూరీలు చేసిపెట్టి తాను రెండు పుల్కాలతో సరిపెట్టుకోవాలి. చివర్లో గిన్నెలో మిగిలింది పారేయడానికి మనసొప్పక అదీ తినాలి. అన్నట్టు, మొన్న పండక్కి వదిన పళ్లెంలో రెండో అరిసె వేసింది ఎవరో కాదు... నేనే! 'పండగపూట ఒక్కదానికి ఏమవుతుంది వదినా' అన్నది కూడా నేనే.

2025లో మనదేశంలో బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. కానీ వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్‌ను ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్టు 2022లో ఓ అధ్యయనం తేల్చింది. ఇంజెక్షన్ వాడినా, ఆ తర్వాత బతకాల్సింది ఈ ఇంట్లోనే, ఈ మనుషుల మధ్యనే.

నిలబెట్టుకున్నవాళ్లు ఏం చేశారు?

అమెరికాలో 1994లో ఇలాంటివాళ్ల వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. కనీసం పదమూడున్నర కిలోలు తగ్గి, ఏడాదిపాటు నిలబెట్టుకున్నవాళ్లకే అందులో చోటు. వాళ్లలో ఎక్కువమంది ఉదయం టిఫిన్ మానరు. రోజుకు సుమారు గంటసేపు వ్యాయామం చేస్తారు, అదీ ఎక్కువగా నడకే. వారానికోసారైనా బరువు చూసుకుంటారు. సెలవురోజైనా పనిరోజైనా తిండి తీరు పెద్దగా మార్చరు. రెండేళ్లు గట్టెక్కితే ఆ తర్వాత నిలబెట్టుకునే అవకాశం బాగా పెరుగుతుందన్నది వాళ్ల అనుభవం చెబుతున్న మంచిమాట.

మీరూ ఇలా చేసి చూడండి. నియమం తప్పితే సోమవారం దాకా ఆగొద్దు, తర్వాతి పూట నుంచే సర్దుకోండి. రెండు కిలోలు పెరగ్గానే జాగ్రత్తపడండి, పది పెరిగేదాకా చూడొద్దు. అన్నిటికన్నా ముఖ్యం... ఇంట్లో ఒకరికో వంట, మిగిలినవాళ్లకో వంట వద్దు. కూరలు ఎక్కువ, నూనె తక్కువ ఉన్న భోజనం అందరికీ మంచిదే.

చుట్టూ ఉన్నవాళ్లం మనం చేయాల్సింది ఇంకా తేలిక. ఒళ్లు గురించి వ్యాఖ్యలు మానేద్దాం. 'వద్దు' అంటే వద్దనే అర్థం చేసుకుందాం.

పోయిన వారం వదినకు ఫోన్ చేసి అరిసె సంగతి ఒప్పుకున్నా. నవ్వేసింది. 'అరిసెదేముందిలే... పొద్దున్నే ఒక్కదాన్నే నడవాలంటే విసుగు, అదీ అసలు బాధ' అంది. మా ఊళ్లు వేరు. అందుకే ఇప్పుడు రోజూ ఐదున్నరకి ఫోన్‌లో కబుర్లు చెప్పుకుంటూ తనక్కడ, నేనిక్కడ నడుస్తున్నాం. బరువెంత తగ్గిందని మాత్రం నేను అడగడం లేదు!