ఒక్క జాయింట్ దొరికినా కేసేనా? ‘కేజీ లోపు ఏం కాదు’ అన్న మాటలో నిజమెంత?

హాస్టల్ గదిలో నలుగురు స్నేహితులు కూర్చున్నారు. ఒకరి ఫోన్‌లో జాయింట్ ఎలా చుట్టాలో చూపించే వీడియో నడుస్తోంది. మంచం మీద రోలింగ్ పేపర్, చిన్న కవర్‌లో గంజాయి ఉన్నాయి. ‘దొరికితే ఎట్లా?’ అని ఒకరు అడిగారు. ‘కేజీ లోపు ఉంటే ఏం కాదురా’ అని ఇంకొకరు ధైర్యం చెప్పారు.

ఇది ఊహించి రాసిన సన్నివేశమే. కానీ ఆ చివరి మాట మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అది తప్పు. ఆ మాట నమ్మి ఇబ్బందుల్లో పడేవారు ఒకవైపు ఉంటే, కేసు భయంతో ఆసుపత్రి గడప తొక్కని కుటుంబాలు మరోవైపు ఉన్నాయి. జాయింట్ చుట్టడం నేర్పే వీడియోలు, చుట్టాక ఏమవుతుందో చెప్పవు. చట్టం ఏమంటోంది? చికిత్సకు వెళ్తే రక్షణ ఉందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

కేజీ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

మన దేశంలో గంజాయిపై కేసులన్నీ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నమోదవుతాయి. ఈ చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాత ఉన్న కొసలు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఈ నిర్వచనంలోకి రావు. భంగును వేరుగా చూడటానికి కారణం అదే. జాయింట్‌లో చుట్టేది సాధారణంగా పూతే కాబట్టి అది నేరుగా ఈ చట్టం పరిధిలోకి వస్తుంది.

దొరికిన సరుకు బరువును బట్టి శిక్ష మూడు రకాలుగా ఉంటుంది. ఈ బరువులను కేంద్రం 2001లో నోటిఫై చేసింది. గంజాయి విషయంలో అవి ఇలా ఉన్నాయి.

1 కిలో వరకు ‘స్వల్ప పరిమాణం’. దీనికి ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

1 కిలో దాటి 20 కిలోల వరకు అయితే పదేళ్ల వరకు కఠిన కారాగారం, రూ.లక్ష వరకు జరిమానా.

20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. దీనికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ల జైలు. జరిమానా కనీసం రూ.లక్ష.

చరస్ అయితే లెక్క ఇంకా తక్కువ. 100 గ్రాముల వరకే స్వల్ప పరిమాణం, కిలో దాటితే వాణిజ్య పరిమాణం.

అంటే కేజీ అనేది అనుమతి కాదు. శిక్ష ఎంత అన్నది తేల్చే గీత మాత్రమే. ఒక జాయింట్‌లో ఉండే గంజాయి గ్రాము కూడా ఉండకపోవచ్చు. అయినా అది నేరమే. అర గ్రాముకు ఒక చట్టం, అర కిలోకు ఇంకో చట్టం లేదు.

కాల్చినా నేరమేనా?

అవును. దగ్గర పెట్టుకోవడానికి, కొనడానికి, అమ్మడానికి, తరలించడానికి సెక్షన్ 20 వర్తిస్తుంది. వాడకానికి ప్రత్యేకంగా సెక్షన్ 27 ఉంది. గంజాయి వాడినట్లు రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

మూత్ర పరీక్షతో వాడకాన్ని గుర్తిస్తారు. ఎప్పుడో ఒకసారి కాల్చినవారిలో రెండు మూడు రోజుల వరకు, రోజూ కాల్చేవారిలో కొన్ని వారాల వరకు దాని ఆనవాళ్లు కనిపించవచ్చు. కిట్‌తో చేసేది ప్రాథమిక పరీక్ష మాత్రమే. దాన్ని ల్యాబ్‌లో నిర్ధారించుకోవాల్సి ఉంటుంది.

మత్తులో బండి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కూడా తోడవుతుంది. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

‘నాది కాదు, ఫ్రెండ్‌ది’ అంటే?

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. మామూలు కేసుల్లో నేరాన్ని రుజువు చేయాల్సిన భారం పోలీసులది. ఎన్‌డీపీఎస్ కేసుల్లో సరుకు మీ దగ్గర దొరికిందని తేలితే, అది మీకు తెలిసే ఉందని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరు. సెక్షన్ 35, 54 చెప్పేది ఇదే.

గది అద్దె మీ పేరు మీద ఉండి, అక్కడ ఏం జరుగుతోందో తెలిసీ ఊరుకుంటే సెక్షన్ 25 కింద మీరూ బాధ్యులే. వాహనానికీ ఇదే వర్తిస్తుంది. ఆ నేరానికి ఏ శిక్ష ఉందో మీకూ అదే.

ఇంకొకటి. నలుగురిలో ఒకరికి 18 ఏళ్లు నిండలేదనుకోండి. ఆ పిల్లవాడి చేతికి జాయింట్ అందించినవారిపై బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 పడుతుంది. ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, రూ.లక్ష వరకు జరిమానా. ఇంటర్ చదివే జూనియర్‌కు ‘ఒక్క దమ్ము’ అని ఇచ్చే సీనియర్లకు ఈ సంగతి తెలిసి ఉండదు.

పోలీసులు ఆపితే మీ హక్కులేమిటి?

మీ ఒంటిని, జేబులను తనిఖీ చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షంలో తనిఖీ కోరే హక్కు మీకుందని పోలీసులు చెప్పాలి. ఇది సెక్షన్ 50. ఈ హక్కు గురించి చెప్పడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో స్పష్టం చేసింది. అయితే ఇది ఒంటి తనిఖీకే వర్తిస్తుంది. బ్యాగుకు, బండికి కాదు. మహిళలను మహిళలే తనిఖీ చేయాలి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పిలిచే వీలు కూడా చట్టంలో ఉంది. ఎన్‌డీపీఎస్‌లో బెయిల్ దొరకదన్న మాట ప్రధానంగా వాణిజ్య పరిమాణం కేసుల గురించి. స్వల్ప పరిమాణానికి ఆ కఠిన షరతులు వర్తించవు.

విచారణాధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాన్ని సాక్ష్యంగా వాడకూడదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు.

జరిమానాతో పోతుందిలే అనుకోవద్దు. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం అధికారులకు ఉంది. అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఎంఎస్‌కు వెళ్లాలనుకునేవారికి, ఉద్యోగంలో పోలీస్ వెరిఫికేషన్ ఉన్నవారికి అసలు దెబ్బ అక్కడ తగులుతుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అనుమతి ఉంది కదా అని అడిగేవారూ ఉంటారు. అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి ఇంకా నియంత్రిత పదార్థమే. వీసాలు ఆ చట్టం కిందికే వస్తాయి. కాబట్టి రాష్ట్రం అనుమతించినా, విదేశీ విద్యార్థి గంజాయి వాడకం వల్ల వీసా చిక్కుల్లో పడవచ్చు.

చికిత్సకు వెళ్తే కేసు ఉండదా?

ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. అదే సెక్షన్ 64ఏ. వాడకం కేసు గానీ, స్వల్ప పరిమాణం కేసు గానీ ఎదుర్కొంటున్న వ్యసనపరులు తమంతట తాము ప్రభుత్వ ఆసుపత్రిలో లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చేరి చికిత్స తీసుకుంటే, ఆ నేరానికి వారిని ప్రాసిక్యూట్ చేయకూడదు. ఒక షరతు ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు.

దోషిగా తేలిన తర్వాత కూడా సెక్షన్ 39 కింద ఇంకో అవకాశం ఉంది. వయసు, ప్రవర్తన, ఆరోగ్యం చూసి, జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది. దానికి నిందితుడి సమ్మతి, పూచీకత్తు కావాలి.

అయితే ఈ రెండు సెక్షన్లలోనూ ఒక లోటు ఉంది. రెండూ ‘వ్యసనపరుడి’ గురించే మాట్లాడతాయి. వ్యసనపరుడు అంటే మత్తుపదార్థంపై ఆధారపడిన వ్యక్తి అని చట్టమే నిర్వచించింది. మరి వీడియో చూసి మొదటిసారి జాయింట్ చుట్టిన కుర్రాడు వ్యసనపరుడా? కాదు. అంటే ఏళ్ల తరబడి కాల్చినవారికి తెరిచి ఉన్న తలుపు, ఒక్కసారి కాల్చినవారికి అంత సులువుగా తెరుచుకోదు.

ఈ లోటు ప్రభుత్వానికి తెలియనిది కాదు. సొంత వాడకానికి కొద్ది మొత్తంలో ఉంచుకున్నవారిని జైలుకు కాకుండా చికిత్సకు పంపాలని కేంద్ర సామాజిక న్యాయ శాఖ సిఫార్సు చేసినట్లు 2021 అక్టోబరులో వార్తలు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించింది కూడా. కానీ అది సెక్షన్ 27ఏలో దొర్లిన ఒక పొరపాటును సరిదిద్దడానికే పరిమితమైంది. వాడేవారిని బాధితులుగా చూడాలని వేదికల మీద చెబుతారు. చట్టం పుస్తకంలో మాత్రం వారు ఇంకా నిందితులే.

మరి ఏం చేయాలి?

దొరికేదాకా ఆగకపోవడమే మంచిది. మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. చికిత్సకు వచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచాలని అందులోని సెక్షన్ 23 చెబుతోంది. కోర్టు ఆదేశం, ఇతరులకు ప్రమాదం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లడమంటే పోలీసులకు లొంగిపోవడం కాదు.

గంజాయి మాన్పించడానికి ప్రత్యేకమైన మాత్ర అంటూ లేదు. చికిత్సలో ప్రధానమైనది కౌన్సెలింగ్. మానేసిన ఒకటి రెండు రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి తగ్గడం మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కువగా ఉండి, సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. ఇవి తగ్గడానికి డాక్టర్లు మందులు ఇస్తారు. లేనివి కనిపించడం, వినిపించడం, అందరూ తనపై కుట్ర చేస్తున్నారనిపించడం వంటివి ఉంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి, ఇంట్లో ఎవరికైనా తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

ఇది ఏ కొద్దిమంది సమస్యో కాదు. కేంద్రం కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం, గంజాయి, భంగు, చరస్ వల్ల సమస్యలు వచ్చి సాయం అవసరమైనవారు దేశంలో సుమారు 72 లక్షల మంది.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ ఓపీకి కూడా నేరుగా వెళ్లవచ్చు. ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రమైతే, డబ్బు కట్టే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. కొట్టి మాన్పిస్తామనే చోటికి, ఇంట్లోవాళ్లను కలవనివ్వని చోటికి పిల్లలను పంపకండి.

ఫోన్‌లోనే మాట్లాడాలనుకుంటే 14446 మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్, మానసిక సమస్యలకు. రెండూ ఉచితం. అమ్మేవారి గురించి సమాచారం ఇవ్వాలంటే 1933కు, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1972కు చేయవచ్చు. సాయానికి ఏ నంబరు, ఫిర్యాదుకు ఏ నంబరు అన్నది గుర్తుంచుకోండి.

ఇంట్లో దొరికితే

పిల్లల బ్యాగులో చుట్టిన జాయింట్ కనిపిస్తే ముందు కోపం, తర్వాత భయం వస్తాయి. ‘నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది’ అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ రాత్రి కేకలు వేయకండి. మత్తు దిగాక, ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, ఎవరితో అని నెమ్మదిగా అడగండి. ఒకటి రెండుసార్లేనంటే ఒక కౌన్సెలింగ్‌తో ఆగిపోవచ్చు. రోజూ అంటే చికిత్స కావాలి. ఏదైనా సరే, మరుసటి రోజు ఆసుపత్రికి పిల్లలతో పాటు మీరూ వెళ్లండి.

‘కేజీ లోపు ఏం కాదు’ అన్న స్నేహితుడికి ఈ కథనం పంపండి. అతను ఇంకా ఏ కేసులోనూ లేకపోతే, ఆసుపత్రి తలుపు తట్టడానికి అదే సరైన సమయం.