కృప వాళ్లకి, క్షమించే పని మాకా?

మా మాదిగపల్లె చర్చిలో 'అమేజింగ్ గ్రేస్' కథ చెప్పని పాస్టరు లేడు. బానిసల్ని అమ్మే జాన్ న్యూటన్‌ని తుఫానులో దేవుడు పట్టుకున్నాడంట, వెంటనే పాపం మానేసి పాట రాశాడంట.

అబద్ధం. తుఫాను 1748లో. ఆ తర్వాతే, 1750 నుంచి 1754 దాకా, బానిస ఓడలకి ఆయన కెప్టెన్. పైన ప్రార్థన, కింద సంకెళ్లలో మనుషులు. ఓడ దిగింది జబ్బు చేసి, మనసు మారి కాదు. 1773కే పాట రాశాడు. ఆ వ్యాపారం తప్పని అప్పట్లో తోచనేలేదని పుస్తకం రాసి ఒప్పుకున్నది 1788లో.

ఇప్పుడు మనం పాడే బాణీ ఆయనది కాదు. 1835లో అమెరికాలో విలియం వాకర్ ఆ మాటలకి 'న్యూ బ్రిటన్' బాణీ జతచేసి అచ్చేశాడు. ఆ బాణీ కట్టినోళ్ల పేరు లేదు. ఓడ అడుగున చచ్చినోళ్ల పేర్లూ లేవు. పాపం చేసినోడికి జీవితచరిత్ర, బలైనోడికి లెక్కల పుస్తకంలో ఒక అంకె!

అయినా న్యూటన్ చివరికి నోరు విప్పాడు, బానిస వ్యాపారానికి ఎదురుగా సాక్ష్యం చెప్పాడు. మన చర్చి పెద్దలు అదీ చెయ్యరు. ఒకే రొట్టె విరిచి, వియ్యానికి మాత్రం కులం అడుగుతారు. సమాధుల దొడ్డికీ గోడ కడతారు. మేం కులం ఊసెత్తితే 'క్షమించండి, ప్రభువు చెప్పాడు' అంటారు. క్షమించడం మా వంతయితే, తప్పు ఒప్పుకోవడం ఎవరి వంతు?

జక్కయ్య దోచినదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. కృప పాట పాడుకోండి, కాదనం. ముందు మా లెక్క తేల్చండి.