నోరులేని నొప్పి



బుద్ధిమాంద్యముగల బిడ్డకుఁగాని, ఆటిజముగల బిడ్డకుఁగాని అర్ధరాత్రమున నాపద వచ్చినప్పుడు తల్లి పడు నవస్థ వేఱు. ఇతర శిశువు కడుపు పట్టుకొని "ఇక్కడ నొప్పి" యని చూపును. ఈ బిడ్డలలోఁ బెక్కుమంది చూపఁజాలరు. తల గోడకుఁ గొట్టుకొందురు, చేయి కొఱుకుకొందురు, అన్నము ముట్టరు. చూచువారు "ఇది వాని స్వభావమే" యందురు. ఒక్కొక్కప్పుడు వైద్యుఁడును ఆ మాటయే యనును. ప్రమాదమంతయు నా మాటలోనే యున్నది.

మా వీధిలో మాటలురాని పండ్రెండేండ్ల బాలుఁడు కలఁడు. నాలుగు దినములు దవడపైఁ గొట్టుకొనుచు నేడ్చెను. ఆసుపత్రిలో నిద్రమందిచ్చి పంపివేసిరి. రెండవమాఱు వాని తల్లి పట్టుపట్టి నోరు చూపింపఁగాఁ బంటిక్రింద చీము కనఁబడెను. పన్ను తీసిన పిదప కొట్టుకొనుట మానెను. ఆమె చదువుకొన్నది కాదు, బిడ్డను జదువుకొన్నది.

పంటిపోటు, చెవిపోటు, మలబద్ధము, తుదకు ఎముక విఱుగుటయు నిట్టి పిల్లలలో నల్లరిరూపమున బయటపడవచ్చును. కావున నలవాటులేని చేష్ట యకస్మాత్తుగాఁ గనఁబడినచో మొదట శరీరమును వెదకవలెను.

ఇతర పిల్లలకంటె వీరికి మూర్ఛ యధికముగా వచ్చును. వచ్చినపుడు బిడ్డను బ్రక్కకుఁ దిప్పి పరుండఁబెట్టి, మెడయొద్ద బిగువు వదలించి, గడియారము చూడుఁడు. నోట నేమియుఁ బెట్టరాదు. చేతిలోఁ దాళపుచెవు లుంచుట వ్యర్థమని మన పెద్దమ్మలకు నచ్చఁజెప్పుట కష్టమే! 5 నిమిషములలో నాగకున్నను, తెలివి రాకముందే మఱల వచ్చినను, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005వ సంవత్సరమున నారంభమైన 108 బండికి ఫోను చేయుఁడు. తినరాని వస్తువులు మ్రింగు నలవాటుగల బిడ్డలు కొందఱు. ఆటబొమ్మలలోని బిళ్లబ్యాటరీ మ్రింగెనను ననుమానము కలిగినంతనే బయలుదేఱవలెను. గొంతులోఁ జిక్కినచో రెండు గంటలలోనే యది లోపలిభాగమును గాల్చును. వాంతి చేయింపరాదు.

ఇఁక నేఁడే చేయఁదగిన పని యొకటి కలదు. ఒక కాగితముపై బిడ్డ పేరు, బరువు, వాడుచున్న మందులు, వాని మోతాదు, పడని మందులు వ్రాయుఁడు. నొప్పి కలిగిన నేమి చేయునో, ఏ శబ్దమునకు బెదరునో, ఏది చేతికిచ్చిన శాంతించునో దానిక్రింద వ్రాయుఁడు. ఆ కాగితమును, బిడ్డ కిష్టమైన వస్తు వొకటియు సంచిలోఁ బెట్టి తలుపువెనుక వ్రేలాడఁదీయుఁడు. మీరు పుట్టింట నున్న రాత్రి మామగారో, పొరుగువారో బిడ్డను దీసికొనిపోవలసివచ్చిన, మీకు మాఱుగా నా కాగితము మాటాడును.

ఆసుపత్రిలోని వెలుతురు, కేకలు, గుంపు వీరికి దుస్సహములు. ప్రక్కనున్న నిశ్శబ్దపు గది నడుగుఁడు. నలుగురు కూడి యదిమిపెట్టుటకు ముందు, వైద్యుని గొట్టమును మీ చేతిపైఁ బెట్టించి బిడ్డకుఁ జూపింపుఁడు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 25వ విభాగమున, వీరిని జూచుటయందును, చికిత్సయందును బ్రాధాన్య మిచ్చునట్లు ప్రభుత్వము లేర్పాటు చేయవలెనని యున్నది. చీటీ లిచ్చువారి కది తెలియకపోవచ్చును. నెమ్మదిగాఁ జెప్పుఁడు, కాని చెప్పుఁడు. "ఇది వాని స్వభావమే" యని యెవరైన ననినచో, "నిన్నటివఱకు వీఁ డిట్లు చేయలేదు, చెవులు, పండ్లు, కడుపు చూడుఁడు" అని యడుగుఁడు.

పిల్లల మందులను బరువునుబట్టి లెక్కింతురు గాన, కాగితముపై బరువును మాత్రము మూఁడు నెలల కొకమాఱు దిద్దుచుండుఁడు.