అటు చూడకు అన్నాం, అంతే

నందిగామలో గానీ జగ్గయ్యపేటలో గానీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెల్డింగ్ షెడ్డు ముందు నుంచి నడిచేటప్పుడు మనమందరం ఒకే మాట అంటాం: “అటు చూడకు, కళ్లు పోతాయి.” పిల్లవాడి మొహానికి చెయ్యి అడ్డం పెట్టి నాలుగడుగులు గబగబా వేస్తాం. తెలియక జరిగిందని చెప్పుకునే వీలు లేకుండా చేసింది ఆ మాటే. చూస్తే కళ్లు పోతాయని మనకు ముందే తెలుసు. రోజంతా అటే చూడక తప్పని కుర్రాడి గురించి మాత్రం నోరు విప్పలేదు.

మన మెట్ట ప్రాంతం బతుకంతా వెల్డింగ్ మీదే నడుస్తోందంటే కొంచెం అతిశయోక్తే. మరీ అబద్ధం మాత్రం కాదు. మిర్చి, పత్తి మోసే ట్రాక్టర్ ట్రక్కులు, జయంతీపురం, ముక్త్యాల సిమెంటు ఎత్తే లారీలు, పరిటాల, దొనబండ క్వారీల టిప్పర్లు ఎక్కడో ఒకచోట చిట్లి, హైవే పక్క షెడ్డుకే వస్తాయి. ఆ హైవే నంబరు 9 పోయి 65 అయింది. 2022లో కృష్ణా జిల్లా నుంచి విడిపోయి మనం ఎన్టీఆర్ జిల్లా వాళ్లమయ్యాం. షెడ్డులో వెల్డరు మొహానికి అడ్డం పెట్టుకునే నల్ల అద్దం మాత్రం అదే.

దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పిడి ఉన్న స్క్రీన్, దానికి ఒక నల్ల అద్దం, దాన్ని కాపాడటానికి ముందొక తెల్ల అద్దం. ఆ తెల్ల అద్దం నిండా నిప్పురవ్వలు అతుక్కుని, మశూచి పోసిన మొహంలా ఉంటుంది. మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయినా మార్చం. నల్ల అద్దం నలుపు నంబరు ఎంతని అడిగితే చెప్పగలిగినవాళ్లు తక్కువ. పగిలినప్పుడు ఆ చట్రంలో పట్టేది ఏదో ఒకటి తెచ్చి బిగించుకున్నాం.

కుర్రాళ్లు అద్దం పెట్టుకోరు, వినరు, పొగరు అని తీర్పు కూడా మనమే చెప్పాం. నేనూ చెప్పాను, ఆ అద్దంలోంచి ఒక్కసారైనా చూడకుండానే. నల్ల అద్దంలోంచి చూస్తే, మంట లేచేదాకా ఏమీ కనపడదు. రాడ్డు కొన ఎక్కడుందో, అతుకు ఎక్కడ పడాలో తెలియదు. ఒక చేతిలో హోల్డరు, ఇంకో చేతిలో స్క్రీను ఉంటే అతికించే ఇనుప పట్టీని ఎవరు పట్టుకోవాలి? అందుకే స్క్రీను పక్కన పడేసి, గురి చూసి, మొహం తిప్పుకుని ట్యాక్ (చిన్న అతుకు) కొడతాడు. మొహం తిప్పుకునే లోపే ఆ వెలుగు కంట్లో పడిపోతుంది. వాడికి కావలసింది పని కనపడటం. దాన్ని మనం నిర్లక్ష్యం అన్నాం.

ఈ చిక్కు విడిపోయి చాలా ఏళ్లయింది. 1981లోనే స్వీడన్‌లో హోర్నెల్ కంపెనీ స్పీడ్‌గ్లాస్ పేరుతో తనంతట తానే నల్లబడే అద్దాన్ని అమ్మకానికి తెచ్చింది. పని మొదలెట్టకముందు అది లేత రంగులో ఉంటుంది, అతుకు కనపడుతుంది. మంట లేచిందో లేదో, రెప్ప వేసే లోపే నల్లబడుతుంది. ఆ అద్దం బిగించిన హెల్మెట్ తలకే ఉంటుంది కాబట్టి రెండు చేతులూ ఖాళీ. ఎంచుకోవడం కూడా బ్రహ్మవిద్య కాదు. నలుపు 9 నుంచి 13 దాకా మార్చుకునే వీలుండాలి. 100 నుంచి 130 ఆంపియర్ల పనికి 10 లేదా 11 సరిపోతుంది. ముందు ముదురుగా పెట్టుకుని, కరిగిన ఇనుము అంచు తేటగా కనపడేదాకా ఒక్కో నంబరు తగ్గించుకోవాలి. అలాగని మరీ కిందికి పోకూడదు. మంటను పసిగట్టే సెన్సర్లు రెండున్నదాని కంటే నాలుగున్నది మేలు. ట్రక్కు కింద దూరి పనిచేసేటప్పుడు ఏదో ఒక కమ్మీ సెన్సరుకు అడ్డం రాక మానదు. ఇలాంటి హెల్మెట్లు ఇప్పుడు రెండు మూడు వేలలోనూ దొరుకుతున్నాయి. ఇంటి గేటుకు సింహం బొమ్మలు అతికించుకోవడానికి మనం ఎంతిచ్చామో గుర్తు చేసుకోవాలి. ఆ గేటుకే కిలో రేటు దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడాం. తగ్గిన రూపాయి ఎవరి కళ్లలోంచి తగ్గిందో అడగలేదు.

హెల్పరు సంగతి ఇంకా అన్యాయం. పట్టీని కదలకుండా పట్టుకునే ఆ పిల్లవాడికి ఏ అద్దమూ లేదు. మహా అయితే గ్యాస్ కటింగ్ కళ్లజోడు ఇస్తారు. అది ఆర్క్ వెలుగుకు చాలదు.

దెబ్బ అప్పుడే తెలియదు. ఆరు గంటలకో పన్నెండు గంటలకో, అంటే సరిగ్గా నడిరాత్రికి, కంట్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. బంగాళాదుంప ముక్కలు పెట్టాం, చనుబాలు పోయించాం, మందుల షాపులో మొద్దుబార్చే చుక్కలు అడిగి తెచ్చాం. ఆ చుక్కలు మాటిమాటికీ వేస్తే నల్లగుడ్డు మీది పొర మానకుండా పోతుంది. విజయవాడ పక్కన తాడిగడపలోనే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నా, ఒకటి రెండు రోజుల్లో నొప్పి తగ్గుతుంది కదా అని ఊరుకున్నాం. నిజమే, తగ్గుతుంది. తగ్గడమే మనల్ని మోసం చేసింది. వెల్డింగ్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు మనుషులకు క్యాన్సర్ తెచ్చేవేనని, కంటి మెలనోమాకు వాటితో సంబంధం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది.

ఇక నలభై దాటిన మేస్త్రీ. అతుకు వంకర పోతుంటే “చెయ్యి పడిపోయింది” అని మనం వేరే షెడ్డు వెతుక్కున్నాం. చెయ్యి బాగానే ఉంది, చత్వారం వచ్చింది. హెల్మెట్ లోపల బిగించుకునే చిన్న భూతద్దం ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చత్వారమని ఒప్పుకుంటే పని పోతుందని ఆయనా చెప్పుకోలేదు.

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ కళ్ల రక్షణ గురించే ఉండేది. కాకపోతే కరెంటు వాడేచోట కనీసం పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అంది. మన షెడ్లలో ముగ్గురు ఉంటే ఎక్కువ. ఆ ముగ్గురి లెక్క చూడాల్సింది పని చేయించుకునే మనమే. మనం చూసింది తూకం ఒక్కటే.

ఈసారి గేటుకో, గ్రిల్‌కో, ట్రక్కు రిపేరుకో వెళ్లినప్పుడు కిలో రేటు తర్వాత అడగండి. ముందు ఆ అద్దం నంబరెంతో, హెల్పరుకు ఏం ఇచ్చారో అడగండి. లేదంటే హెల్మెట్ ఖర్చు కూడా బిల్లులో వేయమని చెప్పండి, బేరమాడకుండా ఇవ్వండి.