పొలంల పైపు పాతిన బిడ్డను చూసి నవ్వకండి



యాసంగి కోతలు అయిపోయినయి. కొందరి వడ్లు కాంటా అయినయి, కొందరివి ఇంకా కల్లంలనే ఉన్నయి. వానకాలం పనులు మొదలయ్యేలోపు కొంచెం తీరిక దొరికింది కాబట్టి, మనసుల ఉన్న ముచ్చట ఒకటి రాస్తున్న. కొంచెం పొడుగు ఉంటది, ఓపికతోటి చదవండి.

మా అక్క బిడ్డ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నది. ఈ యాసంగిల వాళ్ల నాయిన దగ్గర రెండు మడులు అడుక్కున్నది. ఒక్కోటి ఐదు గుంటలు. ఒక మడిల పాత పీవీసీ పైపు ముక్కకు రంధ్రాలు పెట్టి పాతింది. రోజూ పొద్దున కాలేజీకి పోయే ముందు ఆ పైపుల పుల్ల పెట్టి నీళ్లు ఎంత లోతుల ఉన్నయో చూసుడు, ఫోన్ల ఎక్కించుడు, ఒక ఫోటో తీసుడు. ఊరంతా నవ్వింది. "పొలానికి జ్వరం చూస్తున్నవా బిడ్డా" అని ఎగతాళి చేసినోళ్లు ఉన్నరు.

మా బావ నాకు ఫోన్ చేసిండు. "నలుగురు నవ్వుతున్నరు. ఫోన్ పట్టుకొని ఒడ్ల మీద తిరిగితే ఉద్యోగం వస్తదా? కోచింగ్‌కు పొమ్మంటే పోతలేదు. నీ మాట వింటది, నువ్వే చెప్పు" అన్నడు. సరే చెప్త అనే పోయిన. నేను కూడా ముందుగాల బావ దిక్కే ఉన్న. పోయి చూసినంక నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఈ పోస్టు.

ముందు ఆ పైపు సంగతి చెప్త. ఇది ఆ పిల్ల కనిపెట్టింది కాదు. ఫిలిప్పీన్స్‌ల ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఎప్పటి నుంచో చెప్తున్న పద్ధతి. అడుగు పొడుగు పైపు తీసుకోవాలె. కింది భాగానికి చుట్టూ రంధ్రాలు పెట్టాలె. నాలుగు అంగుళాలు పైన ఉండేటట్టు మడిల పాతి, లోపలి మట్టి తీసెయ్యాలె. అప్పుడు మట్టి కింద నీళ్లు ఎక్కడ ఉన్నయో కంటికి కనపడుతది. పైన మడి ఆరినట్టు కనపడ్డా కింద వేరుకు నీళ్లు అందుతనే ఉంటయి. నీళ్లు మట్టి కిందికి ఆరు అంగుళాలు దిగినంకనే మళ్లా తడి ఇయ్యాలె. నాటు వేసిన మొదటి రెండు వారాలు, కలుపు ఎక్కువుంటే మూడు వారాలు, ఈ పని చెయ్యొద్దు. ఈనే సమయంల ఒక వారం ముందు, ఒక వారం తర్వాత నీళ్లు నిలబెట్టాలె. అంతే.

దీంతోటి నీళ్లు మిగులుతయి. ఇంకోటి, మడిల ఎప్పుడూ నీళ్లు నిలిస్తే మట్టిల గాలి ఆడక మీథేన్ అనే వాయువు పుడుతది. భూమి వేడెక్కడానికి అదొక కారణం. ఆరబెట్టి తడి ఇస్తే ఆ వాయువు దాదాపు సగం తగ్గుతదని ఆ సంస్థ చెప్తది. మనకు మీథేన్‌తోటి పని లేకపోవచ్చు, బోరుతోటి మాత్రం పని ఉన్నది.

ఇప్పుడు అసలు ముచ్చట. నేను ఆ పిల్లను ఒకటే అడిగిన. "బిడ్డా, ఏం తేలింది?" ఫోన్ తీసి లెక్క చూపెట్టింది. మామూలు మడికి 31 తడులు. పైపు మడికి 22. తొమ్మిది తడులు మిగిలినయి. నేను మా బావను అడిగిన, "నీ పొలానికి యాసంగిల ఎన్ని తడులు పెడ్తవు?" అని. ఆయనకు తెలువదు. నన్ను అడిగితే నాకూ తెలువదు. ముప్పై ఏండ్ల నుంచి వరి పెడ్తున్న, ఏనాడూ లెక్క పెట్టలేదు.

ఎందుకు లెక్క పెట్టలేదో ఆలోచిస్తే నాకే సిగ్గు అనిపించింది. 2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అది మంచిదే, రాత్రిపూట పాములు తేళ్ల మధ్య మోటరు పెట్టే బాధ తప్పింది. కానీ ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి వస్తున్నం. బిల్లు రాదు కాబట్టి ఎంత తోడినమో ఎవరికీ పట్టదు. ఆ బిల్లు వేరే తీరుగ వస్తది. బోరు ఎండిన ఏడాది, కొత్త బోరు కోసం మిత్తికి తెచ్చిన ఏడాది, అంతా ఒక్కసారే వస్తది.

ఆ పిల్ల రాసిన లెక్కల నాకు ఇంకా నచ్చింది ఇంకోటి ఉన్నది. పైపు మడిల కలుపు ఎక్కువ వచ్చింది, ఇద్దరు కూలీలు ఎక్కువ పట్టిన్రు. వడ్లు వేరువేరుగ కాంటా పెడితే పైపు మడిల ఆరు కిలోలు తక్కువ వచ్చినయి. రెండూ రాసి పెట్టింది. ఏదీ దాయలేదు. "ఇది కూడా పెట్టినవేంది బిడ్డా, నవ్వుతరు గదా" అంటే, "పెట్టకపోతే వచ్చే ఏడాది నేనే మోసపోత మామా" అన్నది. మందు అమ్మేటోడు గానీ విత్తనం అమ్మేటోడు గానీ ఇన్నేండ్లల ఒక్కడన్నా మనకు తక్కువ వచ్చిన లెక్క చెప్పిండా?

అట్లని అన్నీ మెచ్చుకోలేదు. లింక్డ్‌ఇన్ అని ఒకటి ఉన్నది. అది ఉద్యోగాల అంగడి అనుకోండి. ఎవరికి ఏం పని వచ్చో అండ్ల రాసుకుంటరు, పని ఇచ్చేటోళ్లు వెతుక్కుంటరు. అండ్ల ఈ పిల్ల తన పేరు కింద "సుస్థిర వ్యవసాయ నిపుణురాలు" అని రాసుకున్నది. పక్కన పొలంల నిలబడి తీసుకున్న ఫోటో. నాకు నచ్చలేదు. ముఖం మీదనే చెప్పిన. "ఒక్క పంటకే నిపుణురాలివి అయితే, మీ తాత ఏం కావాలె? నాటు వేసే అక్కలు ఏం కావాలె?" అన్న. మొహం చిన్నగ చేసుకున్నది. రెండు రోజులకు ఫోన్ చేసి మార్చిన అన్నది. ఇప్పుడు ఏముందంటే, "వరి మడిల నీటి తడులు కొలుస్తున్న. రెండు మడులు, ఒక పంట. లెక్కలు కింద ఉన్నయి." ఆ పాత పేరుకన్నా ఇది వంద పాళ్లు నయం. చదివినోడికి ఏం చేసిందో తెలుస్తది, లెక్క అడిగితే చూపెడ్తది.

సస్టెయినబిలిటీ అనే మాట ఇప్పుడు కాలేజీలల్ల బాగా తిరుగుతున్నది. మన భాషల చెప్పాలంటే రేపటికి మిగిల్చి వాడుకునుడు. విత్తనం వడ్లు పక్కకు పెట్టుకున్న మన అవ్వలకు ఈ మాట తెలువదు, పని తెలుసు. పిల్లలకు మాట ముందు వస్తున్నది. పని కూడా వచ్చేటట్టు చూసుడు మన వంతు.

ఇక మా బావ అడిగిన ప్రశ్న. ఉద్యోగం వస్తదా?

గ్యారంటీగ వస్తదని నేను చెప్పను. అట్ల చెప్పేటోళ్లను నమ్మొద్దు కూడా. కానీ దారి లేదు అనేది మాత్రం తప్పు. షేర్ మార్కెట్‌ల ఉన్న మొదటి 1000 పెద్ద కంపెనీలు ఎంత నీళ్లు వాడినయో, ఎంత కరెంటు కాల్చినయో, ఎంత పొగ వదిలినయో ఏటా లెక్క చెప్పాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ లెక్క తీసేటోళ్లు కావాలె గదా. అట్లనే కేంద్రం 2020ల పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టే స్కీం తెచ్చింది. ఒక్కో సంఘానికి మూడేండ్లల 18 లక్షల దాకా సాయం. ఆ సంఘాలకు కంప్యూటర్ తెలిసి, పొలం కూడా తెలిసిన మనిషి కావాలె. కంప్యూటర్ తెలిసినోళ్లు పట్నంల మస్తుమంది ఉన్నరు. మడిల దిగి ఇది ఏ దశ అని చెప్పగలిగేటోళ్లు తక్కువ. మన పిల్లలకు ఆ రెండోది పుట్టుకతోనే వచ్చింది. మొదటిది నేర్చుకుంటే చాలు. కోచింగ్ కూడా పోవచ్చు, పరీక్ష కూడా రాయొచ్చు, ఎవరు వద్దన్నరు? పొద్దున అర్ధగంట పైపు చూస్తే పరీక్ష పోదు.

చదువు లేనోళ్లకే ఈ పని చేతనైంది, మన పిల్లలకు ఎందుకు కాదు? జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉన్నది. అక్కడ బడి ముఖం చూడని దళిత ఆడోళ్లు కెమెరాలు పట్టి తమ జొన్న, కొర్ర పంటల మీద తామే సినిమాలు తీసిన్రు. 2008 నుంచి మాచ్నూర్‌ల సొంత రేడియో నడిపిన్రు. అట్లనే ఉమ్మడి రాష్ట్రంల మన నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాలల్ల రైతులే వాన కొలిచి, బోర్లల నీటి మట్టం కొలిచి, ఊర్ల అందరి ముందు గోడల మీద లెక్క రాసిన పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ దానికి సాయం చేసింది. ఎన్ని నీళ్లు ఉన్నయో చూసుకొని ఏం పంట వెయ్యాలో కూసొని మాట్లాడుకున్నరు. అప్పుడు ఇన్ని ఫోన్లు కూడా లేవు. ఇప్పుడు ప్రతి ఇంట్ల రెండు ఫోన్లు ఉన్నయి, ఊర్ల నీళ్లు ఎన్ని ఉన్నయో మాత్రం ఎవరికీ తెలువదు.

ఇంకో దిక్కు కూడా చెప్పాలె. కొన్నేండ్ల కింద మా ఊరికి ఒక సంస్థ తరఫున కొందరు పిల్లలు వచ్చిన్రు. మట్టి తీసుకపోయిన్రు, మాతోటి ఫోటోలు దిగిన్రు, మా అక్కలను గంటల కొద్ది ప్రశ్నలు అడిగిన్రు. రిపోర్టు తెచ్చిస్తం అన్నరు. ఇప్పటిదాకా రాలేదు. మా మట్టిల ఏమున్నదో వాళ్లకు తెలుసు, మాకు తెలువదు. వాళ్ల కాగితం అయింది, వాళ్ల మార్కులు అయినయి. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. మన పిల్లలు కూడా రేపు అట్ల తయారైతే ఈ చదువు దండగ.

అందుకే మా కోడలికి మూడు మాటలు చెప్పిన, మీ ఇంట్ల చదువుకునే పిల్లలకు కూడా చెప్పండి.

మొదటిది. ఎవరి పొలంల కొలిచినవో ఆ రైతుకు ముందు లెక్క ఇయ్యాలె, తర్వాతనే ఫోన్ల పెట్టాలె. కాగితం మీద రాసి ఇయ్యాలె, ఆయనకు లింకు పంపితే సరిపోదు.

రెండోది. అడగకుండా ఎవరి ఫోటో, ఎవరి సర్వే నంబరు బయట పెట్టొద్దు. అప్పు ఉన్నోడు, కౌలు చేసేటోడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క కష్టం ఉంటది.

మూడోది. ఒక్క పంటతోటి తీర్పు చెప్పొద్దు. మన నల్లరేగడిల ఒక తీరు ఉంటది, చెల్క నేలల ఇంకో తీరు. మూడు పంటలు కొలిచినంక మాట్లాడు.

మనకు కూడా ఒక మాట. ఈ మధ్య కార్బన్ క్రెడిట్ అనుకుంట కాగితాలు పట్టుకొని తిరిగేటోళ్లు వస్తున్నరు. నీళ్లు ఆరబెట్టు, పైసలు వస్తయి అంటరు. అన్నీ మోసం అని నేను అనను. కానీ ఆ కాగితం ఎన్నేండ్లకు కట్టేస్తది, లెక్క ఎవరి చేతిల ఉంటది, వచ్చిన దాంట్ల మన వంతు ఎంత అనేది చదవకుండా సంతకం పెట్టొద్దు. చదివి చెప్పే మనిషి ఇంట్లనే ఉన్నది. ఫోన్ పట్టుకొని ఒడ్డు మీద తిరుగుతున్నదని మనం నవ్విన ఆ పిల్లనే. తడుల లెక్క మన ఇంట్లనే ఉంటే బేరం మన చేతిల ఉంటది.

మా బావకు ఇదంతా చెప్పిన. పూర్తిగ ఒప్పుకోలేదు. "తొమ్మిది తడులు మిగిలితే బోరు ఒక నెల ఎక్కువ పోస్తదా?" అని మాత్రం అడిగిండు. నాకు తెలువదు, నీ బిడ్డను అడుగు అన్న. బోరుల నీటి మట్టం కూడా కొలవాలె అయితే, అన్నది ఆ పిల్ల. దానికి తాడు కావాలన్నది. మా బావ ఏం మాట్లాడలేదు. మర్నాడు కొట్టంల నుంచి తాడు తెచ్చి ఇచ్చిండట.

ఈ వానకాలం నాటు వేసే ముందు మీరు కూడా ఒక పని చెయ్యండి. ఇంట్ల చదువుకునే కొడుకో బిడ్డో ఉంటే ఒక మడి అప్పజెప్పండి. పైపు ముక్క పాత సామాన్లల దొరుకుతది, ఖర్చు లేదు. పంట అయినంక "ఏం తేలింది?" అని అడగండి. తక్కువ వచ్చింది అని చెప్తే తిట్టకండి. ఆ మాట నిజం చెప్పే పిల్లలు మన ఊర్లకు కావాలె.

ఉంట మరి. కల్లంల వడ్లు ఉన్నోళ్లు పట్టాలు కప్పుకోండి, సాయంత్రాలు మబ్బులు పడుతున్నయి.